నెల్లూరు, ప్రకాశం యాత్ర: హైవే వదిలి పడమటికి తిరిగితే

చెన్నై నుంచి విజయవాడ వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే గూడూరు దాటింది మొదలు చీరాల దాకా దాదాపు ఒకటే దృశ్యం. వరి, తాటిచెట్లు, రొయ్యల గుంటల్లో గిరగిరా తిరిగే ఏరేటర్లు, మళ్లీ వరి. నెల్లూరు, ప్రకాశం అంటే ఇదే అనుకుని ప్లాను వేసుకున్నవాళ్లు ఒక బీచి, ఒక గుడి, ఒక చేపల పులుసుతో సరిపెట్టుకుని వెళ్లిపోతారు. అసలు చూడాల్సింది చాలావరకు పడమటి వైపు, వెలికొండల కింద ఉంది. చిక్కల్లా దారితోనే. రైలు పట్టాలు, హైవే, బకింగ్‌హాం కాలువ అన్నీ ఉత్తర దక్షిణాలుగా పోతాయి. నెల్లూరు నుంచి ఒంగోలు 120 కిలోమీటర్ల పైచిలుకు, కారులో రెండు గంటలు. అదే నెల్లూరు నుంచి ఉదయగిరికి దూరం వందలోపే, బస్సులో మూడు గంటలు పోయినా పోతాయి. రోజుల లెక్క వేసేటప్పుడు కిలోమీటర్లు చూడకండి, దిక్కు చూడండి.

ముందే ఒక మాట. ఇక్కడ జిల్లాల పేర్లు పాత లెక్కలో వాడుతున్నాం. ఒకప్పుడు ఒంగోలు కూడా నెల్లూరు జిల్లానే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా కొంచెం కోసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. అందుకే మార్కాపురంలో మాట కర్నూలు వైపు మొగ్గుతుంది, కందుకూరులో నెల్లూరు యాస వినిపిస్తుంది. 2022లో సూళ్లూరుపేట, గూడూరు, వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి, చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. హద్దులు ఆ తర్వాతా కదులుతూనే ఉన్నాయి. మ్యాపులో ఊరి పేరుతో వెతకండి, జిల్లా పేరుతో వెతికితే తప్పుదారి పడతారు.

ఎప్పుడు రావాలి? ఈ తీరానికి అసలు వాన ఈశాన్య రుతుపవనంతో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో వస్తుంది. తుపాన్లూ అప్పుడే. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, చెన్నై, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. కాబట్టి నవంబరులో వచ్చేవాళ్లు రద్దు చేసుకోవడానికి వీలున్న గదులే తీసుకోవాలి, తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా పెట్టుకోవాలి. డిసెంబరు మూడోవారం నుంచి ఫిబ్రవరి దాకా అన్నివిధాలా బాగుంటుంది. సోమశిలలో నీళ్లుంటాయి, పులికాట్‌లో పక్షులుంటాయి, కొండ ఎక్కినా ప్రాణం పోదు. మేలో మాత్రం మామిడిపండ్ల కోసం తప్ప రావద్దు.

నెల్లూరు

బస చేయడానికి నెల్లూరే సులువు. సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ ఒంగోలులోనూ ఇక్కడా ఆగుతుంది, రాత్రి రైళ్లకు లెక్కే లేదు. స్టేషన్ ఊరి నడిబొడ్డున ఉంది. అది సౌకర్యమే, గదికి మాత్రం శాపం. పట్టాల వైపు కిటికీ ఉన్న గదిలో గూడ్సు బండ్ల హారన్లతో తెల్లవార్లూ జాగారమే. గది చూసి, కిటికీ తెరిచి, అప్పుడు డబ్బు కట్టండి. మాగుంట లేఅవుట్, మినీ బైపాస్ వైపు హోటళ్లు కొత్తవి, కారు పెట్టుకోవడానికి చోటుంటుంది, ధర ఎక్కువ. ట్రంకు రోడ్డు, మద్రాసు బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలు పాతవి. మంచాలు, దుప్పట్లు ఒక మోస్తరు, టిఫిను మాత్రం గడప దాటితే దొరుకుతుంది. ఒంటరిగా వచ్చేవాళ్లకు రెండోదే మేలు, పిల్లలతో వస్తే మొదటిది.

కొత్తవాళ్లు రెండుచోట్ల దెబ్బతింటారు. మొదటిది బస్టాండు. చెన్నై, తిరుపతి, విజయవాడ బస్సులకు పెద్ద బస్టాండు, ఆత్మకూరు, ఉదయగిరి, సోమశిల వైపు బస్సులకు ఆత్మకూరు బస్టాండు. రెండూ వేరు. ఆటో ఎక్కేటప్పుడు "బస్టాండు" అని ఊరుకోకుండా ఏ ఊరికి పోవాలో చెప్పండి. రెండోది రైలు కట్ట. ఊరు కట్టకు ఆ వైపు సగం, ఈ వైపు సగం. దాటాలంటే అండర్ బ్రిడ్జీలే గతి. గట్టి వాన ఒక గంట పడితే వాటిలో నీళ్లు నిలుస్తాయి, బండ్లన్నీ చుట్టూ తిరుగుతాయి. వాన రోజున రైలుంటే ముప్పావుగంట ముందే బయలుదేరాలి.

పెన్న ఒడ్డున రంగనాథస్వామి గుడి పొద్దున్నే చూడటం మంచిది. గుడి వెనక మెట్ల మీద కూర్చుంటే నది కనిపిస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు నీటికన్నా ఇసుకే ఎక్కువ. మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉండి పదిహేను పర్వాల భారతాన్ని తెనిగించిన తిక్కన తిరిగిన నేల ఇది. ఆ గుర్తుతో వచ్చేవాళ్లకు ఊళ్లో చూపించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు, ముందే తెలుసుకుని రావడం నయం. పడమటగా జొన్నవాడ కామాక్షమ్మ గుడి, నరసింహకొండ ఉన్నాయి. మ్యాపులో పక్కపక్కనే ఉన్నట్టుంటాయి గానీ మధ్యలో పెన్న ఉంది. ఒకటి ఆ ఒడ్డున, ఒకటి ఈ ఒడ్డున. రెండింటికీ ఒకే పూట ఆటో మాట్లాడుకుంటే చుట్టు తిరుగుడుతో కలిపి బేరం చేయాలి. మధ్యాహ్నం గుడి మూసే వేళ ముందే కనుక్కోకపోతే మెట్ల మీద ఎండలో కూర్చోవాల్సి వస్తుంది.

మొహర్రం నాడు మొదలయ్యే రొట్టెల పండుగ సంగతి వేరు. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాటిలోతు నీళ్లలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. ఎవరు ఏ రొట్టె ఇస్తున్నారో కేకేసి చెబుతుంటారు: పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇంటి రొట్టె, ఈమధ్య వీసా రొట్టె. లెక్క ఏమిటంటే, కోరిక ఉన్నవాళ్లు ఆ కోరిక తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె తీసుకుని నీళ్లలోనే తింటారు. తీరాక మళ్లీ వచ్చి అదే పేరుతో ఇంకొకరికి ఇవ్వాలి. మతం అడిగేవాళ్లు ఉండరు. చూడాలనుకుంటే నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. తేదీ ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వస్తుంది. ఆ అయిదు రోజులూ ఊళ్లో గది దొరకదు. దొరికినా రేటు వేరు, కాబట్టి కావలిలోనో గూడూరులోనో దిగి రైల్లో వచ్చిపోవడం మేలు. చెరువు మెట్లు పాచిపట్టి జారుతాయి. ఫోను, పర్సు గదిలోనే పెట్టి, చేతిలో రొట్టె, జేబులో చార్జీ డబ్బుతో దిగండి.

తిండి. నెల్లూరు చేపల పులుసు అని బోర్డు లేని హోటలు హైవే మీద లేదు, నిజమైనది దొరికే చోట్లు తక్కువ. అడగాల్సిన ప్రశ్న ఒకటే: "చేప ఏది అన్నా?" కొరమీను, బొమ్మిడాయి, సముద్రం చేప అంటే కూర్చోవచ్చు. జవాబు నానితే ఫంగస్ (చెరువుల్లో పెంచే పంగాసియస్ చేప) ముక్క అనుకోండి. తెల్లగా, మెత్తగా, ముల్లు లేకుండా ఉంటుంది, పులుసు దానికి పట్టదు. మంచి పులుసులో నువ్వుల నూనె పైకి తేలాలి, మామిడికాయ ముక్క చెక్కుచెదరకుండా ఉండాలి, మెంతి వాసన చివర్లో తెలియాలి. పొద్దున చేసింది రాత్రికి, రాత్రి చేసింది మర్నాటికి రుచి. అందుకే మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్లి "ఇప్పుడే దించాం" అంటే అదేం గొప్ప కాదు. ఇంకో సంగతి: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేటకు నిషేధం. ఆ రోజుల్లో వంజరం, చందువా చాలావరకు ఐసులోవే, కొరమీను అడగండి. పొద్దుటి పూట ఎర్ర కారం పూసిన దోశ, సాయంత్రం పులిబొంగరాలు, ఊరికి పట్టుకెళ్లడానికి మలై కాజా. కాజా రెండు రోజులకు మించి నిలవదు, చివరి రోజే కొనాలి.

బీచిలన్నీ ఒకేలా ఉంటాయి. మైపాడు పాతిక కిలోమీటర్లలోపు, బస్సులున్నాయి, పర్యాటక శాఖ వాళ్ల కాటేజీలున్నాయి, ఆదివారం జాతర. కొత్త కోడూరు కాస్త ప్రశాంతం, నీడ తక్కువ. కావలి దగ్గర తుమ్మలపెంట, ఒంగోలు దగ్గర కొత్తపట్నం కూడా ఇదే తరహా. ఎక్కడైనా ఈతకు దిగొద్దు. ఈ తీరంలో అడుగున నీళ్లు లోపలికి లాగుతాయి, మోకాళ్ల దాకా నీళ్లు చాలు. కృష్ణపట్నం పోర్టు వైపు వెళ్లి చూసేదేమీ లేదు, లారీల దుమ్ము తప్ప.

సోమశిల, పెంచలకోన

కారుంటే ఒక రోజు పని. నెల్లూరు నుంచి సంగం మీదుగా సోమశిల. సంగం దగ్గర, నెల్లూరు దగ్గర పాత ఆనకట్టల స్థానంలో కట్టిన కొత్త బ్యారేజీలు రెండూ 2022 సెప్టెంబరులో ప్రారంభమయ్యాయి. సంగం బ్యారేజీ వంతెన మీద ఆగి చూస్తే ఈ జిల్లా వరి ఎక్కడి నీళ్లతో బతుకుతోందో అర్థమవుతుంది. సోమశిల సామర్థ్యం 78 టీఎంసీలు. అక్కడి నుంచి కాలువ ద్వారా నీళ్లు 68 టీఎంసీల కండలేరుకు, కండలేరు నుంచి మరో కాలువలో చెన్నైకి. కృష్ణా నీళ్లు శ్రీశైలంలో బయలుదేరి, పెన్న ఒడ్డున కాసేపు ఆగి, తమిళనాడు కుళాయిల్లోకి చేరే దారి ఇది. తెలుగుగంగ నీళ్లు చెన్నైకి మొదటిసారి చేరింది 1996లో. డ్యాము మీదికి ఎప్పుడు పడితే అప్పుడు పోనివ్వరు, గేట్లు ఎత్తే రోజుల్లో అసలు పోనివ్వరు. నీళ్లు తక్కువున్న ఏడాది ఫిబ్రవరి తర్వాత వెళితే బండలు చూసి రావాలి.

అక్కడి నుంచి రాపూరు వైపు వస్తే పెంచలకోన, వెలికొండల ఒడిలో నరసింహస్వామి. దారి పొడుగునా పొదలకూరు, రాపూరు నిమ్మతోటలు. గుడి వెనక కోనలో నీళ్లు డిసెంబరు, జనవరిల్లో బాగుంటాయి. వైశాఖ బ్రహ్మోత్సవాలప్పుడు బస్సులు ఎక్కువ, ఊపిరాడని జనం. మామూలు రోజుల్లో జనం లేరు, చీకటి పడ్డాక బస్సూ ఉండదు. చివరి బస్సు ఎన్నింటికో దిగగానే కండక్టరునే అడగండి, కొండ కింద అంగళ్లవాళ్లు చెప్పే టైముకీ బస్సు వచ్చే టైముకీ పొంతన ఉండదు. కోనలో కోతులు ఎక్కువ. చేతిలో సంచి ఉంటే అది వాటిదే.

ఉదయగిరి, భైరవకోన

రెండు రోజులే మిగిలితే బీచి, డ్యాము రెండూ వదిలేసి ఇటే రావాలి. ఉదయగిరి కొండ 3,079 అడుగులు. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని కృష్ణదేవరాయలు నెలల తరబడి చుట్టుముట్టి 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి అక్కడ కృష్ణాలయం కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. హంపి చూసినవాళ్లు మొదటి సగం కథ కోసం ఇక్కడికి రావాలి. మీద కోటగోడలు, గుడులు, మసీదు శిథిలంగా ఉన్నాయి. కొండ మీద అంగడి లేదు, నీళ్లు నమ్ముకోలేం, గుర్తుబోర్డులు లేవు, దారి ముళ్లపొదల్లో చీలిపోతుంది. చేయాల్సింది ఇది: ముందురోజు రాత్రికే ఉదయగిరి చేరాలి, మనిషికి మూడు లీటర్ల నీళ్లు, కాళ్లకు బూట్లు, ఊళ్లో ఒకరిని తోడు మాట్లాడుకుని ఐదున్నరకు ఎక్కడం మొదలుపెట్టాలి. పదకొండు లోపు దిగిరావాలి. చాలామంది నెల్లూరు నుంచి పొద్దున బయలుదేరి తొమ్మిదిన్నరకు ఎక్కడం మొదలుపెడతారు, సగం కొండ దగ్గరే ఎండకు కళ్లు తిరిగి కూలబడతారు. బస మాత్రం సాదా లాడ్జీ, మంచి గది కోసం చూస్తే నిరాశే.

ఊళ్లో కొనదగ్గ వస్తువు చెక్క గరిటెలు. కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రతో చేస్తారు. తొలిచి, అరగదీసి, నునుపు చేసేదాకా చాలాభాగం చేతిపనే, అందులోనూ ఆడవాళ్లదే ఎక్కువ. కొనేటప్పుడు గరిటె గిన్నెకూ కాడకూ మధ్య మెడ దగ్గర పీచు అడ్డంగా తెగిందేమో వెలుగులో పట్టి చూడండి. పీచు కాడ పొడుగునా పోవాలి, అడ్డం పడితే వేడి పులుసులో నెలకే విరుగుతుంది. వార్నిషు మెరుపున్నది షోకేసుకు, మెరుపు లేనిది వంటకు. ఇంటికెళ్లాక రాత్రంతా సింకులో నానబెట్టకూడదు, కడిగి నీడన ఆరబెట్టి అప్పుడప్పుడు కాస్త నూనె రాస్తే ఏళ్లు వస్తుంది.

ఉదయగిరి నుంచి సీతారామపురం మీదుగా భైరవకోనకు కారులో గంట, గంటన్నర. ఇది ప్రకాశం వైపు, అంబవరం కొత్తపల్లి దగ్గర. బస్సుల మీద ఆధారపడితే ఒక పూట పోతుంది, పెట్రోలు ఉదయగిరిలోనే పోయించుకోండి. ఒకే కొండ చరియలో వరుసగా తొలిచిన ఎనిమిది గుహాలయాలు. ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తర ముఖం. శిల్పం తీరు పల్లవులది. స్తంభాల అడుగున కూర్చున్న సింహాలు, గడపకు అటూ ఇటూ ద్వారపాలకులు అన్నీ అదే కొండలోంచి చెక్కినవి. ద్వారపాలకులను వరుసగా పోల్చి చూస్తూ పోండి. తలపాగా, కాలి మడత, గద పట్టిన తీరు గుహ గుహకూ మారుతుంది, అందరూ ఒక్క చేతివాళ్లు కాదని తెలిసిపోతుంది. ఉదయం ఎండ తూర్పు ముఖాల మీద పడుతుంది, ఫొటోలకు ఎనిమిది లోపు వెళ్లాలి, మధ్యాహ్నం గుహలన్నీ నల్లగా వస్తాయి. పక్కన రెండువందల అడుగుల ఎత్తు నుంచి దూకే జలపాతం వానల తర్వాతే జలపాతం, వేసవిలో తడి గోడ. కార్తీక పౌర్ణమి రాత్రి వెన్నెల దుర్గమ్మ మీద పడుతుందని జనం తండోపతండాలుగా వస్తారు. శిల్పం చూడాలనుకునేవాళ్లు ఆ వారం తప్పించుకోండి.

ఒంగోలు, ఆ పైన మార్కాపురం

ఒంగోలు ఒక రాత్రి ఆగే ఊరు, చూసే ఊరు కాదు. గదులు నెల్లూరుకన్నా తక్కువ రేటుకు దొరుకుతాయి, మైసూర్‌పాకు కొనాలి. ఒంగోలు గిత్తను చూద్దామని వచ్చి ఊళ్లో విగ్రహం చూసి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. నిజం గిత్తలు కావాలంటే సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా పల్లెల్లో జరిగే బండలాగుడు పోటీలకు పోవాలి. తేదీలు గోడపత్రికల్లో, టీ అంగళ్లలో తెలుస్తాయి. పోనీ నెల్లూరు జిల్లా కొండాపురం మండలం చింతలదేవిలో దేశీ పశువుల కేంద్రం ఉంది, ముందు అనుమతి తీసుకోవాలి. ఈ జాతి బ్రెజిల్‌కు వెళ్లి 'నెలోరే' అయింది. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండటమే ఆ పేరుకు కారణం. ఇక్కడ ట్రాక్టరు వచ్చి గిత్త తగ్గింది, అక్కడ ఆ దేశపు మాంసం పశువుల్లో సింహభాగం దాని సంతతే.

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు పట్టుకుంటే చీమకుర్తి. బంగారు చుక్కలున్న నల్ల గ్రానైటు, బ్లాక్ గెలాక్సీ, ఇక్కడిదే. క్వారీల్లోకి పోనివ్వరు, రోడ్డు మీంచి గుట్టలు గుట్టలుగా దిమ్మెలు కనిపిస్తాయి. ఈ రోడ్డు మీద రాత్రి కారు నడపొద్దు, దిమ్మెలు మోసే ట్రైలర్లు మలుపుల్లో రోడ్డంతా తీసుకుంటాయి. పొదిలి దాటాక నేల ఎర్రబారుతుంది, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, కంది చేలు, మధ్యలో బీళ్లు. కనిగిరి, పొదిలి, దర్శి, మార్కాపురం ప్రాంతమంతా భూగర్భజలంలో ఫ్లోరైడ్. రెండు రోజులుండేవాళ్లకు దాంతో ముప్పేమీ లేదు, అది ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఎముకల్లో చేరేది. కానీ పసిపిల్లలకు పాలపొడి కలిపే నీళ్లు మాత్రం ఆర్వో ఫిల్టరువే వాడండి. కాచితే సరిపోతుందనుకోవద్దు. కాచిన కొద్దీ నీళ్లు తగ్గుతాయి, ఫ్లోరైడ్ తగ్గదు.

మార్కాపురంలో చెన్నకేశవస్వామి గుడి తప్పక చూడాలి. ఇక్కడి రాతిపలక ఒకప్పుడు తెలుగు పిల్లలందరి చేతిలో ఉండేది. ఇప్పుడు అదే రాయి గోడలకు, నేలకు పరిచే పలకలుగా కోస్తున్నారు. స్టేషన్ పేరు 'మార్కాపురం రోడ్', ఊరికి కాస్త ఎడం. గుంటూరు, నంద్యాల లైను మీద బండ్లు తక్కువ, ఒకటి తప్పితే తర్వాతిది పూట గడిచాకే.

కంభం చెరువు ఇక్కడికి గంటలోపు. ఆ కట్ట మీద నిలబడితేనే విషయం తెలుస్తుంది. రెండు కొండల మధ్య సందులో గుండ్లకమ్మను అడ్డుకుంటూ చిన్న కట్ట వేశారు, వెనక ఏడు కిలోమీటర్ల పొడవున నీళ్లు. విజయనగర రాజకుమారి వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. అక్కడ బోటు షికారు, హోటలు లాంటివి ఆశించొద్దు, టీ కొట్టు ఉంటే అదృష్టం. సాయంత్రం నాలుగున్నర తర్వాత వెళితే కొండ నీడ కట్ట మీద పడుతుంది. శ్రీశైలానికి తూర్పు ద్వారమని పేరున్న త్రిపురాంతకం ఉత్తరంగా ఉంది, శ్రీశైలం పోయేవాళ్లు దాన్ని ఆ దారిలో కలుపుకోవడం మంచిది, దాని కోసమే వెనక్కి రావద్దు.

పులికాట్

దక్షిణపు కొస. ఫ్లెమింగోలను చూడాలంటే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు, గూళ్లు కట్టిన గూడబాతులను చూడాలంటే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు. ఫ్లెమింగోలు దూరంగా గులాబీ గీతలా ఉంటాయి, బైనాక్యులర్ లేకపోతే సగం డబ్బు దండగ. నేలపట్టులో పక్షులు చెరువులోని కడప చెట్ల మీద దగ్గరగా కనిపిస్తాయి. ఒక్కటే చూడగలిగితే, పిల్లలుంటే, నేలపట్టే. రెంటికీ తెల్లవారుజామే సమయం. ఆ ఏడాది వానలు తప్పితే గూళ్లూ తగ్గుతాయి, బయలుదేరే ముందు ఫారెస్టు ఆఫీసుకు ఒక ఫోను కొట్టండి.

బండి ఖర్చు గురించి. పడమటి ఊళ్లకు కారు అద్దెకు తీసుకుంటే కిలోమీటరు రేటుతోపాటు డ్రైవరు బత్తా, రాత్రి బస ఎవరిదో ముందే తేల్చుకోండి. నెల్లూరు, ఒంగోలు మధ్య ముసునూరు, టంగుటూరు దగ్గర టోల్ గేట్లు. రాష్ట్రంలోని ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు అసలుది చేతిలో ఉండాలి. పల్లెవెలుగు ఎక్కితే ప్రతి ఊళ్లో ఆగుతుంది, ఉదయగిరికి పోయేవాళ్లు ఎక్స్‌ప్రెస్ వచ్చేదాకా ఆగినా నష్టం లేదు.

మామిడికని మేలో వచ్చేవాళ్లు హైవే మీద ఉలవపాడు దగ్గర ఆగుతారు. రోడ్డు పక్కన బుట్టల్లో ఒకే రంగు పసుపుతో, తొడిమ దగ్గర పచ్చదనం లేకుండా మెరిసే బంగినపల్లి వద్దు. తొడిమ చుట్టూ గుంట పడి, భుజాలు లేచిన పచ్చికాయలు అడిగి తీసుకోండి. ఇంటికెళ్లి గడ్డిలో పెడితే నాలుగైదు రోజుల్లో పండుతాయి. సపోటాలు మాత్రం ఆ రోజు తినేవి వేరు, మోసుకెళ్లేవి వేరు అని చెప్పి రెండు సంచుల్లో కట్టించుకోవాలి.